రైలు చార్జీ ఎవరిస్తారు?

థర్లెస్ హర్లింగ్ క్లబ్ తొలినాళ్ళ మీద, ఐర్లండ్‌లోని తెలుగువాళ్ళ ఆదివారం కలయికలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

నేను మాట్లాడుతుండగా ఈ కర్ర చేతులు మారుతూ అందరి దగ్గరికీ రావాలి. ఇది మా అమ్మాయిది. హర్లింగ్ అని, కర్రతో బంతిని కొట్టే ఐర్లండ్ ఆట ఒకటుంది, ఈ కర్ర ఆ ఆటది. ఇంగ్లిష్‌లో హర్లీ అంటారు, ఐరిష్‌లో కమాన్. మన కమానుకీ దీనికీ చుట్టరికం ఏమీ లేదు గానీ, రెండూ వంపు తిరిగినవే కాబట్టి మనకి మాట తేలిగ్గా గుర్తుంటుంది. కింద వెడల్పుగా ఉన్నచోట కొంచెం వెలుతురులో పెట్టి చూడండి. పిడి దగ్గర తిన్నగా ఉన్న చెక్క గీతలు అక్కడికి వచ్చేసరికి ఒంపు తిరిగి ఆ వెడల్పు వెంటే పోతాయి. ఆ వంపు ఉలితో చెక్కింది కాదు. యాష్ చెట్టు మొదలు నేలలోకి దిగేచోట వేరు వైపుకి ఎలా వాలుతుందో, ఆ వాలు అలాగే కర్రలోకి వస్తుంది. అందుకే దెబ్బ తట్టుకుంటుంది. ఎంత పెద్ద చెట్టయినా ఈ కర్రకి పనికొచ్చేది అడుగున ఓ నాలుగడుగులు మాత్రమే. 2012లో ఈ దేశంలోకి ఒక తెగులు వచ్చి యాష్ చెట్లు ఎండిపోతున్నాయి. కర్రలు చేసేవాళ్ళు దుంగల కోసం బయటి దేశాల వైపు చూడాల్సి వస్తోంది. ఈ కర్ర పట్టుకున్నప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

ఈ విషయం మీద మాట్లాడాలని నాకు ఎందుకు అనిపించిందో చెప్తాను. పోయిన ఏడాది మా క్లబ్ మీటింగులో పిల్లల్ని వేరే ఊరు తీసుకెళ్ళే బస్సు డబ్బు దగ్గర వాదన వచ్చింది. క్లబ్ ఇవ్వాలని కొందరు, తల్లిదండ్రులు తలా కొంత వేసుకోవాలని కొందరు. గొంతులు పెరిగాయి. ఇద్దరు కోపంగా లేచి వెళ్ళిపోయారు. నాకు చాలా టెన్షన్‌గా అనిపించింది. పిల్లల ఆట కోసం పెద్దవాళ్ళు ఇంతగా కొట్లాడుకోవాలా అనుకున్నాను. తర్వాత, నూట ముప్ఫై ఏళ్ళకి ముందు థర్లెస్ అనే ఊళ్ళో ఏం జరిగిందో చదివాక ఆ వాదన నాకు వేరేగా కనపడింది. ఆటకి జీతాలు లేవంటే ఖర్చులు లేవని కాదు కదా. ఎవరో ఒకరు తమ జేబులోంచి పెడుతున్నారన్నమాట. ఆ "ఎవరో" ఎవరన్నది ప్రతి క్లబ్‌లోనూ తేలాల్సిన విషయం. థర్లెస్‌లో అది తేలటానికి ఇరవై ఏళ్ళు దాటింది.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. జట్టుకి పదిహేను మంది. బంతిని స్లిటర్ అంటారు, లోపల బెండు, పైన తోలు, కుట్టు దగ్గర గట్లు. నేల మీద కొట్టొచ్చు, గాల్లో కొట్టొచ్చు, కర్ర మీద నిలబెట్టుకుని పరుగెత్తొచ్చు. గోల్ స్తంభాల మధ్య అడ్డకర్ర కిందనుంచి పోతే గోల్, అంటే మూడు పాయింట్లు. పైనుంచి పోతే ఒకటి. డబ్లిన్‌లోని పెద్ద స్టేడియం క్రోక్ పార్క్‌లో 82 వేల మంది ముందు ఫైనల్ ఆడిన కుర్రాడు కూడా మళ్ళీ తన ఉద్యోగానికి వెళ్ళాల్సినవాడే. బడిలో పాఠం చెప్పేవాడో, పాలు పితికే రైతో అయ్యుంటాడు. ఆడినందుకు అతనికి జీతం లేదు.

చాలా పాత ఆట ఇది. 1366లో ఇంగ్లిష్ పాలకులు కిల్కెనీలో చేసిన చట్టాల్లోనే ఈ ఆట ఆడకూడదని రాశారు. నిషేధాలకి చావని ఆట, కరువు దెబ్బకి మాత్రం కొనఊపిరి దాకా వచ్చింది. 1845 తర్వాత బంగాళాదుంప పంట కుళ్ళిపోయి, ఆకలికీ జబ్బులకీ పది లక్షల మంది పోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కారు. ఇరవై మంది కుర్రాళ్ళు ఒకచోట చేరితేనే కదా ఆట. ఊళ్ళలో ఆ ఇరవై మంది మిగల్లేదు.

మైకేల్ క్యూసాక్ పుట్టింది ఆ కరువులోనే, 1847లో, క్లేర్ కౌంటీలో. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. పెద్దయి మాస్టారు అయ్యాడు. 1877లో డబ్లిన్‌లో సివిల్ సర్వీసు పరీక్షలకి కోచింగ్ ఇచ్చే అకాడమీ పెట్టాడు. కోచింగ్ సెంటర్ల సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈయన మాత్రం తన విద్యార్థుల్ని ఫీనిక్స్ పార్క్‌కి తీసుకెళ్ళి కర్రలు చేతికిచ్చి ఆడించాడు. 1883లో మెట్రోపాలిటన్ అనే హర్లింగ్ క్లబ్ పెట్టాడు. 1884 ఈస్టర్ సోమవారం నాడు ఆ క్లబ్ గాల్వే కౌంటీలోని బాలినస్లో సంత మైదానంలో కిల్లిమోర్ అనే ఊరి జట్టుతో ఆడింది. కిల్లిమోర్ వాళ్ళు పల్లెటూరి ఆట గట్టిగా ఆడే మనుషులు, వాళ్ళ పద్ధతులు వాళ్ళవి. డబ్లిన్ వాళ్ళ పద్ధతులు వేరు. ఏది తప్పో ఏది ఒప్పో ఒప్పందం కుదరక ఆట మధ్యలోనే ఆగిపోయింది. దేశమంతటికీ ఒకే రూల్స్ ఉండాలన్న సంగతి క్యూసాక్‌కి అక్కడ, ఆ మైదానంలో, అందరి ముందూ అర్థమైంది.

ఇక థర్లెస్. టిప్పరరీ కౌంటీలో, డబ్లిన్ నుంచి కార్క్ వెళ్ళే రైలు మార్గం మీద ఉన్న ఊరు. చుట్టూ మంచి పంట నేల, పచ్చిక. 1884 నవంబర్ 1, శనివారం. హేయస్ హోటల్‌లో ఒక చిన్న సమావేశం. అందరికీ కబురు పెట్టినా వచ్చినవాళ్ళు చాలా తక్కువ. ఖాయంగా పేర్లు తెలిసినవాళ్ళు ఏడుగురే. క్యూసాక్ ఉన్నాడు. పేరున్న అథ్లెట్ మోరిస్ డేవిన్ ఉన్నాడు, ఆయన్నే అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఇద్దరు పత్రికల వాళ్ళు, ఒక లాయరు, రాతిపని చేసే మేస్త్రి ఒకాయన, ఏడోవాడు పోలీసు ఇన్‌స్పెక్టర్. అవును, బ్రిటిష్ వాళ్ళ పోలీసే. తర్వాత కొన్నేళ్ళకే పోలీసులకి ఈ సంఘంలో చోటు లేకుండా చేశారు గానీ, పురుడు పోసినవాళ్ళలో ఒకాయన ఖాకీ మనిషి అన్నది మాత్రం చెరిగిపోదు. అలా పుట్టిందే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, మనం రోజూ వినే జి.ఎ.ఎ. థర్లెస్‌లోనే నివాసం ఉండే ఆర్చిబిషప్ క్రోక్ దానికి పెద్దదిక్కుగా నిలబడ్డాడు. 1885 జనవరిలో మళ్ళీ థర్లెస్‌లోనే కూర్చుని మొదటి రూల్స్ ఖాయం చేశారు.

రూల్స్ కాగితం మీదకి రాగానే అంతా సర్దుకుందని అనుకోకండి. 1886లో గాల్వే, టిప్పరరీ జట్లు డబ్లిన్‌లో ఆడబోతుంటే అసలు బంతి ఎంత ఉండాలన్న దగ్గరే పేచీ వచ్చింది. గార్ట్ ఊరికి చెందిన నెడ్ ట్రెస్టన్ అనే ఆటగాడు దగ్గర్లో గుర్రపు జీన్లు కుట్టేవాడి దుకాణానికి వెళ్ళి, అక్కడికక్కడ ఒక బంతి చేసుకొచ్చాడు. దానితోనే ఆడారు. తర్వాత వచ్చిన బంతులకి అదే నమూనా అయింది. ఈ సంగతి నాకు చాలా ఇష్టం. పేచీ వచ్చిందని ఇంటికి పోకుండా, తోలు పట్టుకుని కూర్చుని బంతి చేసిన మనిషి.

క్లబ్బులు పారిష్‌కి ఒకటి చొప్పున లేచాయి. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ళు. ఏ పారిష్‌లో పుట్టి పెరిగితే ఆ క్లబ్‌కే ఆడాలి. ఈ నియమం ఇప్పటికీ ఈ ఆటకి వెన్నెముక. థర్లెస్ క్లబ్ కూడా అలా వచ్చిందే. పట్నం కుర్రాళ్ళు, చుట్టుపక్కల కిల్లినన్, కూల్‌క్రూ లాంటి పల్లెల రైతుబిడ్డలు కలిసి ఆడేవాళ్ళు.

1887లో మొదటిసారి దేశమంతటికీ కలిపి ఒక పోటీ పెట్టారు. ఇప్పుడు కౌంటీ జట్టంటే కౌంటీలోని అన్ని క్లబ్బుల నుంచీ ఏరి కూర్చిన జట్టు. అప్పుడు అలా కాదు. కౌంటీలో గెలిచిన క్లబ్బే కౌంటీ తరఫున వెళ్ళాలి. టిప్పరరీకి థర్లెస్ వెళ్ళింది. హర్లింగ్‌లో నిజంగా మైదానంలోకి దిగినవి ఐదు కౌంటీలే. థర్లెస్ వాళ్ళు క్లేర్‌నీ, ఆ తర్వాత కిల్కెనీ తరఫున వచ్చిన తుల్లరోన్‌నీ ఓడించి ఫైనల్‌కి వచ్చారు. అటునుంచి గాల్వే తరఫున షానన్ నది ఒడ్డున ఉన్న మీలిక్ వచ్చింది.

ఫైనల్ మాత్రం ఆ ఏడాది జరగలేదు. 1887 నవంబర్‌లో థర్లెస్‌లో పెట్టిన మహాసభలో సంఘం రెండుగా చీలింది. బ్రిటిష్ పాలన మీద రహస్యంగా సాయుధ పోరాటానికి సిద్ధమవుతున్న వర్గం ఒకవైపు, చర్చి ఫాదర్లూ వాళ్ళ మనుషులూ ఇంకోవైపు. అధ్యక్ష పదవి డేవిన్ చేతిలోంచి పోయింది. 1888 జనవరిలో మళ్ళీ సభ పెట్టి, ఆయన్నే తిరిగి ఎన్నుకున్నారు. ఈ గొడవల్లో ఫైనల్ వెనక్కి వెనక్కి పోయి, 1888 ఏప్రిల్ 1, ఈస్టర్ ఆదివారం నాడు బర్ అనే ఊళ్ళో జరిగింది.

ఇప్పుడు ఆ రైలు దగ్గరికి వద్దాం.

థర్లెస్ నుంచి బర్ ఇప్పుడు కారులో గంట. అప్పుడు రైల్లో పోవాలి. ఒక్కొక్క జట్టుకి ఇరవై ఒక్క మంది. ఆ చార్జీ ఎవరు పెట్టాలి? జట్టు కెప్టెన్ కిల్లినన్‌కి చెందిన డెనిస్ మార్. మేం కౌంటీ కోసం ఆడుతున్నాం, ఖర్చు కౌంటీ కమిటీ ఇవ్వాలి అన్నది వాళ్ళ మాట. కమిటీ ఇవ్వనంది. మార్, అతనితోపాటు ఇంకొందరు ఆటగాళ్ళు ఇంటి దగ్గరే ఉండిపోయారు. దేశ చరిత్రలో మొట్టమొదటి ఫైనల్. దానికి కెప్టెన్ రైలెక్కలేదు.

నేను ఈ కథ చదివినప్పుడు మొదట ఆ కెప్టెన్ మీద కోపం వచ్చింది. ఇంత పెద్ద ఆటకి నాలుగు డబ్బులు చూసుకుంటాడా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, పొలం పని మీద బతికే కుర్రాళ్ళకి ఆ చార్జీ చిన్నదేం కాదు. పైగా భూమి కౌలు కోసం, భూస్వాములు ఇళ్ళలోంచి గెంటెయ్యకుండా ఉండటం కోసం ఊళ్ళకి ఊళ్ళు పోరాడుతున్న రోజులవి. పైసా పైసా లెక్కే. నా కష్టం ఊరికే ఇస్తాను, కానీ దారి ఖర్చు కూడా నేనే పెట్టుకోవాలా అని అడగటం తప్పు కాదు. అలాగే కమిటీ దగ్గర నిజంగా డబ్బు ఉండి ఇవ్వలేదని కూడా నేను అనలేను. అప్పుడే పుట్టిన సంఘం, పెద్ద ఆదాయం లేదు. రెండు పక్షాలూ ఇబ్బందుల్లో ఉండి మాట్లాడినవే. వెళ్ళినవాళ్ళ పేర్లు చరిత్రకి ఎక్కాయి. వెళ్ళనివాళ్ళు కూడా ఆ జట్టుని ఫైనల్ దాకా మోసుకొచ్చినవాళ్ళే, వాళ్ళ పేర్లు కూడా మనం గౌరవంగా చెప్పుకోవాలి.

వాళ్ళ స్థానాల్లో వేరేవాళ్ళని తీసుకుని, జిమ్ స్టేపుల్టన్ కెప్టెన్‌గా థర్లెస్ జట్టు బర్ చేరింది. స్టేడియం లేదు, గ్యాలరీ లేదు. ఊళ్ళో హోటల్లో బట్టలు మార్చుకుని, వీధుల్లోంచి నడుచుకుంటూ ఒక పచ్చిక పొలానికి వెళ్ళారు. హెల్మెట్లు లేవు. ఆ రోజుల్లో లెక్క కూడా ఇప్పటిలా కాదు. ఒక్క గోల్ పడితే చాలు, అవతలివాళ్ళు ఎన్ని పాయింట్లు కొట్టినా ఆ గోల్ కిందే. రెండు జట్లూ ఒకరినొకరు కదలనివ్వలేదు. కూల్‌క్రూ కుర్రాడు టామీ హీలీ గోల్ కొట్టాడు. థర్లెస్‌కి ఒక గోల్, ఒక పాయింటు. మీలిక్‌కి ఏమీ లేదు. ఐర్లండ్ తొలి హర్లింగ్ చాంపియన్లు ఒక చిన్న బజారు పట్నం క్లబ్ కుర్రాళ్ళు.

చెప్పటానికి బాధగా ఉంది గానీ, పతకాలు వాళ్ళ చేతికి వెంటనే రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత గానీ అందలేదు.

ఆ తర్వాత కాలం త్వరగా చెప్పేస్తాను, అది అంత చూడముచ్చటైన కాలం కాదు. అదే 1888లో సంఘం ఓ యాభై మంది ఆటగాళ్ళని అమెరికా పంపింది. అక్కడ ఆడి చూపించి డబ్బు కూడగట్టాలని. వాతావరణం కలిసిరాలేదు, జనం రాలేదు, అప్పు మిగిలింది. రైతు ఉద్యమ నాయకుడు మైకేల్ డేవిట్ 450 పౌన్లు అప్పిచ్చి ఆదుకున్నాడు. వెళ్ళినవాళ్ళలో చాలామంది అక్కడే ఉండిపోయారు. ఆ ఏడాది పోటీ అసలు పూర్తే కాలేదు. ఇంతలో ఐర్లండ్ స్వపరిపాలన ఉద్యమ నాయకుడు పార్నెల్ విషయంలో దేశ రాజకీయమే నిలువునా చీలింది. ఆ చీలిక ప్రతి ఊరి క్లబ్‌లోకీ దూరింది. 1891 అక్టోబర్‌లో పార్నెల్ శవయాత్రలో దాదాపు రెండు వేల మంది హర్లర్లు చేతుల్లో ఈ కర్రలే పట్టుకుని నడిచారు. కర్రలకి నల్లబట్ట చుట్టి. ఆటలు మాత్రం చాలా ఊళ్ళలో ఆగిపోయాయి.

థర్లెస్ కూడా వెనకబడింది. 1895 నుంచి టిప్పరరీకి పేరు తెచ్చినవి చుట్టుపక్కల పల్లెలు. టబ్బరడోరా అనే చిన్న ఊరు 1895, 1896, 1898లో మూడుసార్లు దేశం గెలిచింది. పక్క పల్లెలు గెలుస్తుంటే, సంఘం పుట్టిన ఊరు చూస్తూ ఉండిపోయింది.

మళ్ళీ దాన్ని నిలబెట్టింది ఎవరో తెలుసా? ఒక రైల్వే గార్డు. టామ్ సెంపుల్. 1879లో డ్రోంబేన్‌లో పుట్టి, రైల్వే ఉద్యోగం మీద థర్లెస్‌లో స్థిరపడ్డాడు. పొడుగాటి మనిషి, మాటకి కట్టుబడే మనిషి. 1900లో దేశం గెలిచిన టిప్పరరీ జట్టులో ఆయన ఉన్నాడు. థర్లెస్ జట్టుని బ్లూస్ అని పిలిచే రోజులు అవి, తర్వాత సార్స్‌ఫీల్డ్స్ అన్న పేరు స్థిరపడింది. 17వ శతాబ్దంలో లిమరిక్ కోటని కాపాడిన సేనాని పాట్రిక్ సార్స్‌ఫీల్డ్ పేరు అది. సెంపుల్ కెప్టెన్‌గా థర్లెస్ కుర్రాళ్ళు వెన్నుదన్నుగా టిప్పరరీ 1906లో, మళ్ళీ 1908లో దేశం గెలిచింది. ఈయన ప్రాక్టీసు దగ్గర చాలా గట్టివాడు. ఒంటిమీద శ్రద్ధ, క్రమశిక్షణ, సమయానికి రావటం. రైళ్ళు నడిపించేవాడి అలవాట్లు జట్టుకి కూడా వచ్చాయి అని నా నమ్మకం.

కప్పుల కన్నా పెద్దపని 1910లో జరిగింది. ఊరి పశువుల ప్రదర్శన మైదానం అమ్మకానికి వచ్చింది. అప్పటిదాకా ఎవరో ఒకరి పొలంలో, వాళ్ళు దయతలిస్తేనే ఆట. ఆ మైదానం ధర 900 పౌన్లు. అంత డబ్బు ఏ ఒక్కరి దగ్గరా లేదు. సెంపుల్, ఊరి పెద్దలు కలిసి వాటాలు పెట్టారు. దుకాణాల వాళ్ళు, ఉద్యోగస్తులు, మామూలు జనం తలా కొంత వేసి వాటాలు తీసుకున్నారు. మైదానం ఊరిదైంది. 1956 దాకా అది ఆ వాటాదార్ల చేతిలోనే ఉంది, అప్పుడు జి.ఎ.ఎ.కి అప్పగించారు. 1971లో దానికి సెంపుల్ స్టేడియం అని పేరు పెట్టారు. ఇప్పుడు అందులో నలభై అయిదు వేల మంది పడతారు.

1888లో ఇరవై ఒక్క మందికి రైలు చార్జీ పెట్టలేకపోయిన ఊరు, ఇరవై రెండేళ్ళకి 900 పౌన్లు పోగుచేసి మైదానం కొనుక్కుంది. ఈ రెండు సంగతులూ విడివిడిగా చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు. పక్కపక్కన పెట్టి చూసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ వాటా కొన్న దుకాణదారు పేరు మనకి తెలియదు. ఆయన ఆడలేదు, కప్పు ఎత్తలేదు. కానీ అప్పటి నుంచి థర్లెస్‌లో ఆడిన ప్రతి పిల్లాడికీ ఆయనే కదా చార్జీ పెట్టింది.

1984లో సంఘానికి నూరేళ్ళు నిండినప్పుడు ఫైనల్‌ని డబ్లిన్ నుంచి తీసుకొచ్చి ఆ మైదానంలోనే ఆడించారు. కార్క్ గెలిచింది. ఓడిన జట్టు ఆఫలీ. బర్ ఊరు ఉన్నది ఆ ఆఫలీ కౌంటీలోనే. మొదటి ఫైనల్‌కి థర్లెస్ వాళ్ళు రైలెక్కి బర్ వెళ్తే, నూరేళ్ళ పండక్కి బర్ వైపు జనం థర్లెస్ వచ్చారు.

కర్ర ముందుకి వచ్చేసిందా? ఇలా ఇవ్వండి. చివర ఈ సన్నటి ఇనుప పట్టీ చూశారు కదా, చెక్క చీలకుండా వేస్తారు. పిల్లల్ని చేర్పించాలనుకునేవాళ్ళు నాతో మాట్లాడండి, శనివారం పొద్దున్నే ప్రాక్టీసు. హెల్మెట్ తప్పనిసరి. కర్ర మాత్రం ముందే కొనకండి. పిల్లని తిన్నగా నిలబెట్టి, చెయ్యి కిందికి వదిలేయమని, పక్కన కర్ర ఆనించి చూడాలి. పిడి కొస మణికట్టు ఎముక దగ్గరికి రావాలి. అంతకన్నా పొడుగైతే తిప్పలేదు. మా అమ్మాయి ఏడాదిలో ఎదిగిపోయింది, ఈ కర్ర ఇంకో రెండు నెలలే. ఆ తర్వాత మీలో ఎవరి పిల్లకి సరిపోతే వాళ్ళు తీసుకెళ్ళండి.